వంతెనకు అటూ ఇటూ

జూలై 9, ఆదివారం

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాసి, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అనబోయి కలం ఆపాను. బావ పోయి నెలైనా తిరక్కుండా ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. మీ వదినకి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. రోజూ నిన్నే తలుచుకుంటోంది.

కోపమొచ్చినా ఈ ఉత్తరం చింపకుండా చివరిదాకా చదువు.

చావుబతుకుల మధ్య ఉన్న మనిషికి ఊపిరాడించే మిషన్ తీయవచ్చా లేదా అన్నదానిపై దేశమంతటికీ ఒకే చట్టం తెద్దామన్నప్పుడు, ఆ బిల్లు చూసిన పార్లమెంటు సంఘంలో నేనూ ఉన్నాను. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకోవాలని సంఘం తీర్మానించింది. ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేసి, ఒక్కో చోట జనం ఒక్కోలా ఆలోచిస్తారు, వాళ్ల నెత్తిన మనం రుద్దడం దేనికని గొప్పగా చెప్పాను. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా బావ, లిఫ్టు ఎక్కడ ఆగాలో అంతస్తుకో మీటింగ్ పెడతారన్నమాట అని పక్కనుంచి నవ్వాడు.

ఆ వాదనలో పస లేదని ఇప్పటికీ అనలేను. మీ రాష్ట్రంలో మిషన్ తీయడం నేరమన్నవాళ్లు రాక్షసులేం కాదు. ముసలివాళ్లని బరువనుకుని వదిలించుకుంటారేమోనని భయపడ్డారు. మా రాష్ట్రం ఇంటివాళ్లూ డాక్టర్లూ ఒప్పుకుంటే చాలంది. ఇద్దరికీ వాళ్ల కారణాలున్నాయి. రెండు రాష్ట్రాల మధ్యా ఒక వంతెన ఉంది. ఆ వంతెన మీద నువ్వుంటావని నేననుకోలేదు.

బావ తలలో నరం చిట్లి పడిపోయాక, ఇక లేవడని ముగ్గురు డాక్టర్లు చెప్పారు. నన్ను గొట్టాల మీద ఉంచొద్దని ఆయన నీతో ఎన్నిసార్లన్నాడో నాకు తెలుసు. మా వైపు ఆసుపత్రి బోర్డు మీ వార్డు కిటికీలోంచి కనిపించేదట. అంబులెన్సు మాట్లాడుకుని బయల్దేరావు. వంతెన మొదట్లో డ్రైవరు బండి ఆపి, ఎందుకు తీసుకెళ్తున్నామో తెలిసీ దాటిస్తే తన మీద కేసు పెడతారని, ఇద్దరు పిల్లలున్నారని బతిమాలాడట. అతన్ని ఏమీ అనకుండా నువ్వే వెనక్కి తిప్పమన్నావు. ఆ తర్వాత నలభై ఏడు రోజులు బావ ఛాతీ మిషన్ చెప్పినట్టల్లా లేచి పడింది.

అంతా అయ్యాక వచ్చాను. అందరి ముందూ నాకు మంచినీళ్లిచ్చావు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఒక్క మాటే అన్నావు.

"రాష్ట్రాలే తేల్చుకోవాలన్నావు కదా అన్నయ్యా. ఆ మంచం పక్కన ఏ రాష్ట్రం వచ్చి కూర్చుంది?"

క్షమించమని అడిగే మొహం లేదు. వేళకింత తిను, చెల్లాయీ.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. సంఘం తీర్మానించిందని పైన రాశాను. సంఘంలో తొమ్మిది మందిమి. ఒకే చట్టం కావాలని నలుగురు, రాష్ట్రాలకే వదలాలని నలుగురు. మిగిలినవాణ్ణి నేను. జనం మీద గౌరవంతో వేసిన ఓటు కాదది. ఎన్నికలు దగ్గర పడ్డాయి, మిషన్ తీయొచ్చని చట్టం తెచ్చినా, తీయొద్దని తెచ్చినా సగం మంది దూరమవుతారు. రాష్ట్రాల మీదికి నెట్టేస్తే ఎవరికీ చెడ్డవాణ్ణి కానక్కర్లేదనుకున్నాను. ఇది బావకి తెలుసు. ఆ వారమే ఆయనకి చెప్పుకున్నాను. "మీ చెల్లికి నేను చెప్పను బావా. అది నువ్వే చెప్పాలి" అన్నాడు.