ఇంటికొక మాట

నారాయణపేట,
5 మార్చి 2023.

బావకు త్రివేణి నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తమ్మా బాగున్నాం. కృష్ణా నది అవతల నువ్వూ, మన జీవాలూ, మందలోని మిగతా నాలుగిళ్ల వాళ్లూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

మందను చూసి వచ్చిన నర్సింహ చేతికిచ్చి పంపిన నీ చీటీ అందింది. అత్తమ్మ కన్ను ఎట్లుందని అడిగావు. ఆపరేషన్ చేసిన కన్ను ఇప్పుడు బాగా కనిపిస్తోంది. నిన్న నన్ను దగ్గరికి పిలిచి, "గింత సన్నగైనవేందే, తింటలేవా?" అన్నది. తింటున్నానని చెప్పాను. నువ్వు లేక ముద్ద దిగడం లేదని ఆమెకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

కాలేజీలో ఏం పాఠం చెబుతున్నావని కూడా అడిగావు. అమెరికా రాజ్యాంగం. నవ్వకు, అందులో మన మంద సంగతే ఉంది. రెండు వందల ముప్పై ఏళ్ల కిందటి మాట. అక్కడి రాష్ట్రాలు గట్టిగా ఒక్కటవుదామని ఫిలడెల్ఫియాలో కూర్చున్నాయి. పదమూడింటిలో ఒకటి రానే లేదు. జనం ఎక్కువున్న మా మాటే చెల్లాలని పెద్దవి, అట్లయితే మీతో కలిసేదే లేదని చిన్నవి. ఎండాకాలమంతా తలుపులు మూసుకుని వాదించుకున్నారు. చివరికి ఒక సభలో జనాన్ని బట్టి సీట్లు, ఇంకో సభలో చిన్నదైనా పెద్దదైనా రాష్ట్రానికి ఇద్దరు అని తేల్చుకున్నారు.

పిల్లలకు ఎక్కలేదు. అప్పుడు మన మంద గురించి చెప్పాను. తోవ, నీళ్లు, మకాం మంద పెద్దగా లింగయ్య మామ చూస్తాడు. ఎవరి గొర్రెకు ఏ గుర్తు, దాన్ని ఉంచుకోవాలా అమ్మాలా అన్నది ఎవరింటి ఇష్టం వాళ్లది. వలస పోవాలా వద్దా అని తేల్చేటప్పుడు మాత్రం ఇంటికొక మాట. మూడు వందల గొర్రెలున్న మామకూ ఒక్కటే, నలభై ఉన్న మనకూ ఒక్కటే. ఇట్లా చెబితే అందరికీ అర్థమైంది. నిహారిక అనే పిల్ల లేచి, "మేడం, నచ్చకుంటే గందులకెళ్లి బయటికి రావొచ్చా?" అని అడిగింది. దాని మీద ఆ దేశంలో పెద్ద యుద్ధమే జరిగిందని చెప్పి పుస్తకం మూసేశాను. ఆ పిల్ల నీ చీటీ చదివినట్టే అడిగింది.

"మన మాటకు ఇలువ లేని కాడ మనమెందుకు? మన నలభై జీవాలను ఏరు జేస్కొని వచ్చే వారం ఒక్కన్నే వస్త" అని రాశావు కదా. ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో. నాలుగు నెలలైంది నిన్ను చూసి. పట్టలేని సంతోషంతో నీ గొంగడి తీసి ఎండలో వేశాను. సాయంత్రానికి మళ్లీ మడతపెట్టాను.

బావా, ఫోన్‌లో మూడుసార్లు చెప్పబోయాను. నీ చుట్టూ నలుగురుంటారని నోరు రాలేదు. నువ్వు అత్తమ్మతో పాలమూరు దవాఖానలో ఉన్న రోజు లింగయ్య మామ మనింటికి వచ్చాడు. "అటు రెండిండ్లు, ఇటు రెండిండ్లు అయినయి బిడ్డా. మీ ఇంటి మాటేంది?" అన్నాడు. ఈ ఏడు ఇక్కడే ఉందామని చెప్పమని నువ్వు చెప్పి వెళ్లావు. నేను "పోదామన్నడు మామా" అన్నాను. "నిజంగ వాడే అన్నడా?" అని మళ్లీ అడిగాడు. అవునన్నాను. నువ్వు వచ్చాక, చిన్న ఇల్లని మన మాట లెక్కలోకే తీసుకోలేదని నీతో అబద్ధమాడాను.

అంతా ఆ సర్కారు లెక్చరర్ ఉద్యోగం పరీక్ష కోసం. నువ్వుంటే ముచ్చట్లతోనే పొద్దుపోతుంది, చదువు సాగదనుకున్నాను. ఏడు నెలలు ఇల్లు సప్పుడు లేకుండా ఉంటే చాలనుకున్నాను. ఉన్నది, కావలసినంత. పుస్తకంలో ఒక్క పేజీ ముందుకు పోవడం లేదు.

మామ తప్పేమీ లేదు. ఆయన మీద కోపంతో మంద విడిచి రాకు. తోవలో దొంగలు, తోడేళ్లు. నీకు కన్నంటుకుంటే జీవాలను కాసేదెవరు? ఈ కాగితం మామకు చదివి వినిపించు. నా పరువు పోతే పోనీ. వానలకు మంద తిరిగి రావడానికి ఇంకా మూడు నెలలు. రమ్మని రాయాలని నా ప్రాణం కొట్టుకుంటోంది, రావద్దనే రాస్తున్నాను.

ఇది చదివాక నువ్వు ఫోన్ ఎత్తకపోయినా నేను చేస్తూనే ఉంటాను. ఎంత కోపమున్నా అందరితో కలిసే రా. ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని తిట్టు.

ఇట్లు,
నీ మరదలు, నీ ఇంటిది,
త్రివేణి