సీటు మీద పసుపునీళ్లు

ధర్మవరం,
జూలై 1983

ఏమప్పా ఆదినారాయణా,

కనగానపల్లి నుంచి నువ్వు రాసిన జాబు అందింది. నేను కుట్టిన మోటర్‌సైకిల్ సీటు వాసన కొడతాందనీ, నా కుట్టు సరిలేదనీ రాసినావు. రెగ్జిన్ నీళ్లు తాగదబ్బా, సూది బెజ్జాలు తాగుతాయి. మాదిగగేరిలో, మా ఇంట్లో కుట్టిన సీటని మీ అమ్మ దానిమీద పసుపునీళ్లు కుమ్మరించింది. సీటు బిగించనీకి మీ వాకిట్లోకొచ్చి నేను చూస్తాండంగానే ఆమెకు బిందె తెచ్చిచ్చింది నువ్వే. ఆ నీళ్లే స్పాంజిలోకి దిగి కుళ్లినాయి. దానికి నా కుట్టేం చేస్తాది?

సీటు మళ్లా పంపొద్దు. నేను కుట్టను.

ఆ పొద్దు నేను కుడతాంటే పక్కనే కూచోని, నా పెండ్లాం చేసిన సంగటి ఇంకో ముద్ద అడిగి తిన్నావు. ఆ మాట మీ అమ్మకు చెప్పినావా? చెప్పింటే, సీటుకంటే ముందు నిన్నే కడిగుండేది.