చిన్నది బిందె ఎత్తుతోంది

అమ్మా,

చిన్నదాని బాస్కెట్‌బాల్ సెలక్షన్ ఫారం శుక్రవారం ఇచ్చెయ్యాలి. దాని మీద సంతకం పెట్టాలో వద్దో తేలక నీకు రాస్తున్నాను. నాన్నకు చదువు రాదు కాబట్టి, నువ్వు పోయాక ఇంట్లో సంతకాలన్నీ నావే.

దానికి పదమూడు నిండాయి. గురి బాగానే ఉంది గానీ, ఫ్రీ త్రో గీత దగ్గర నుంచి వేస్తే బంతి రింగు దాకా పోవడం లేదు. ముందు దగ్గర నుంచి వేసి, రోజూ కాస్త కాస్త వెనక్కి జరగమని పీఈటీ మేడం చెప్పారట. ఇదేమో ఆవిడ మాట వినకుండా, బలం రావాలని వారం నుంచి నీళ్ల బిందె తలపైకి ఎత్తి దించుతోంది. నిన్న జడ వేసుకోవడానికి చెయ్యి లేవకపోతే గానీ నాకు తెలియలేదు.

"నొప్పి ఉంటే చెప్పాలిగా?"

"చెబితే నువ్వు సంతకం పెట్టవుగా అక్కా. అయినా అమ్మ కొండపల్లి బట్టీలో ఇటుకలు మొయ్యలేదేంటి?"

నిన్ననే ఆసుపత్రికి తీసుకెళ్తే, నొప్పి పూర్తిగా తగ్గితేనే ఆడించమన్నారు డాక్టరుగారు. పొద్దున్నుంచి అది "తగ్గిపోయిందక్కా" అని నవ్వుతోంది.

నువ్వు పని నుంచి వచ్చి బోర్లా పడుకుని నన్ను నడుం తొక్కమనేదానివి. అప్పటికి అది ఉయ్యాల్లో ఉంది. నొప్పా అని అడిగితే "లేదులే, తిమ్మిరి" అనేదానివి. నేను నమ్మి పుస్తకాలు తీసుకునేదాన్ని.

గురువారం సాయంత్రంలోగా చెప్పమ్మా. తిమ్మిరి అన్నప్పుడు నీకు నిజంగా ఎంత నొప్పి ఉండేది?