గాజుపెట్టెలోని మూడు చేతుల బొమ్మ

పురావస్తు ప్రదర్శనశాల అధికారి గారి సముఖమునకు, కుండలు చేసుకొని బతుకు ఒక తండ్రి పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ప్రాచీన మాతృదేవతగా తమరు ప్రదర్శించుచున్న మట్టిబొమ్మను తిరిగి మట్టిలో పెట్టుట గురించి.

1. సదరు బొమ్మ దేవత కాదు. నా భార్య. చేసినది మా ఐదేళ్ళ కూతురు. పని మధ్యలో ఎత్తుకోమని పిల్ల వేధిస్తే, "నాకున్నవి రెండు చేతులే తల్లీ!" అని మా ఆవిడ విసుక్కునేది. ఒకరోజు పిల్ల అమ్మ బొమ్మ చేసి మూడో చెయ్యి అతికించింది. "దీంతో నన్నెత్తుకో" అంది. దానిని కుండలతో పాటు కాల్చితిమి.

2. ఆ ఏడే జ్వరం వచ్చి పిల్ల పోయినది. పోయిన బిడ్డ ఆటబొమ్మను మట్టికి అప్పగించుట మా ఇంటి ఆచారం. లేకపోతే బిడ్డకు అక్కడ ఆడుకోవడానికేమీ ఉండదు. కావున మేము మట్టి తెచ్చుకొను పాతదిబ్బలో నా భార్యే దానిని పాతిపెట్టినది. తరువాత తమ శాఖవారు ఆ దిబ్బను తవ్వి, పాత పెంకులతో పాటు మా బొమ్మనూ పట్టుకుపోయినారు.

3. దాని కింద "మూడు వేల ఏళ్ళ నాటి దేవత. మూడవ చెయ్యి సంతానవరమిచ్చుటకు" అని బోర్డు పెట్టినారు. ఉన్న ఒక్క బిడ్డనూ పోగొట్టుకున్న ఆ తల్లికి ఆ ముక్క చదివి వినిపించవలసిన ఖర్మ నాకే పట్టినది.

4. చెప్పులరిగేలా తిరిగి మనవి చేయగా, తమ పండితుడు గారు ముచ్చటపడి, "చూశారా, జానపద కళ ఎంత గట్టిదో! అన్నేళ్ళ నాటి రూపం మీ పాప చేతికొచ్చింది!" అన్నారు. ఇది ఆ బొమ్మేనండీ అంటే, "అలాంటిదే ఇంకోటి చేసి పాతుకోండి" అన్నారు. "నేను చేస్తే నాదవుతుంది. నా పిల్లదెట్లా అవుతుందయ్యా?" అని మా ఆవిడ అడిగినది. గాజు మీద చెయ్యి వేసినదని కాపలావాడు ఆమెను గేటు బయటికి నెట్టినాడు.

5. ఇక్కడేం రాయాలో తెలియడం లేదండీ. మా ఆవిడ అన్నం ముట్టడం లేదు. "పిల్ల వట్టి చేతులతో కూర్చుని ఉంటుంది" అంటోంది. తమ పేరు చెబితే నాకు ఒళ్ళు మండిపోతోంది. అయినా తమరే దిక్కు.

కావున దయయుంచి బొమ్మను మాకప్పగించినచో మేమే పాతిపెట్టుకొందుము. ఈ కాస్త మనవినీ విసిరివేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తమ దేవతకు మొగుడు

తా.క.: మా ఆవిడ మూడు చేతుల బొమ్మ ఇంకొకటి చేసింది. పాతడానికి కాదు, మీకివ్వడానికి. పొగబెట్టి, మట్టి పూసి పాతదానిలా చేశాం. పెట్టెలో ఇది పెట్టుకోండి. బోర్డు మార్చనక్కర్లేదు. చూడవచ్చేవాళ్ళకు తేడా తెలియదు, మీ పండితుడికీ తెలియదు. మా పిల్లకు తెలుస్తుంది.