బల్ల మీద చల్లే పిండి

ప్రియమైన నాన్నకు,

ఈ ఉత్తరం రాద్దామని కూర్చోవడం, మళ్లీ లేచిపోవడం. ఇలా కాదని చెప్పేస్తున్నాను. ఇకమీదట నేను గోధుమ తినకూడదట. ఎన్నాళ్లుగానో పీడిస్తున్న కడుపునొప్పికి, నీరసానికి కారణం అదేనని పరీక్షల్లో తేలింది. పిండిముద్దని సాగదీసి చూపిస్తూ మురిసిపోతావే, ఆ జిగురే, గ్లూటెన్ అంటారు, నా పేగుల్ని పాడు చేస్తోందట. జన్మంతా పథ్యమే. బేకరీవాడి కూతురికి రావలసిన జబ్బేనా ఇది?

మానేసి కొద్దిరోజులైంది. నోరు చచ్చిపోయింది. ఇక్కడ కొట్లో దొరికే గోధుమ లేని బ్రెడ్డు తడిసిన అట్టముక్కలా ఉంది. నీ బ్రెడ్డు పార్సిళ్లు ఇక పంపకు. వాటిలో వాటా తినే పక్క గది వాళ్లు నాకంటే ఎక్కువ ఏడుస్తారు.

నీ చిట్టిముక్కు

*

చిట్టిముక్కుకు నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నడక రాకముందే పిండి మూటల మీద నిద్రపోయిన పిల్లవి, నీకు పిండి పడకపోవడమేమిటి? ఇంకో డాక్టరుకి చూపించు. ఊరందరికీ బ్రెడ్డు చేస్తాను, అది వ్యాపారం. నీకు చేసేది వేరు. అది మానమంటే నా వల్ల కాదు.

ఇంకో మాట. సబ్బుల కంపెనీలో వాసన చూసి బతికేదానివి నువ్వు. నోరు చచ్చిపోతే ముక్కు కూడా దాని దారే పడుతుందేమో. జాగ్రత్త.

మీ నాన్న

*

మా కోపిష్టి నాన్నకు,

ఇంకో డాక్టరమ్మకీ చూపించాను. ఆవిడదీ అదే మాట. నువ్వు భయపడ్డట్టు ముక్కు పోలేదు, ఇంకా పదునెక్కింది. అన్నం ఇంత తియ్యగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదేం? నమిలేకొద్దీ తియ్యదనం ఊరుతోంది. పాలు మూతి దగ్గరికి తెచ్చుకుంటే పచ్చగడ్డి వాసన తెలుస్తోంది. కాఫీలో చక్కెర సగానికి సగం తగ్గించాను. పేగు మానేకొద్దీ కొందరికి రుచులూ వాసనలూ ఇలా కొత్తగా తోస్తాయట, అందరికీ కాదట. మొన్న పనిలో నిమ్మ సబ్బులు రెండు ముందు పెడితే, ఒకదానిలో నూనె పాతదని చెప్పేశాను. మా సూపర్‌వైజరమ్మ ముక్కున వేలేసుకుంది. అలా వేసుకుంటే ఇంక వాసనేం చూస్తుందో!

కానీ మా వీధి చివర ఓ బేకరీ ఉంది నాన్నా. వాళ్లు ఈస్టు ఎక్కువేస్తారు, నీ బ్రెడ్డు వాసన కానే కాదు. అయినా అక్కడికి రాగానే కాళ్లు ఆగిపోతున్నాయి. నీ చేతి తిండి ఇక నాకు లేదన్న దిగులు మాత్రం దేనికీ తగ్గడం లేదు.

నీ చిట్టిముక్కు

*

బంగారు తల్లికి,

సరే, ఓడిపోయాను. బియ్యప్పిండి, మొక్కజొన్నపిండి కలిపి మొదలుపెట్టాను. జిగురు లేని పిండి చెప్పిన మాట వినదు. మొదటిది ఇటుకరాయి. మీ అమ్మ దాన్ని తలుపుకి అడ్డం పెట్టింది. రెండోది కోస్తే కత్తికి పిడచలా చుట్టుకుంది. గోధుమ అంటకూడదని కొత్త గిన్నె, కొత్త అచ్చు తెచ్చాను. ఓవెన్ మూలమూలలా తోమాను. ఎట్టకేలకు ఒకటి పొంగింది. పంపుతున్నాను. పొగడ్తలొద్దు, ఉన్నదున్నట్టు రాయి.

మీ నాన్న

*

నాన్నా,

బాగుంది. చాలా బాగుంది. మొత్తం తినేశాను. కానీ కొన్నాళ్లపాటు పంపకు, ఇక్కడ పనెక్కువగా ఉంది.

చిట్టిముక్కు

*

తల్లీ,

పనెక్కువైతే తిండి మానేస్తారా? "నచ్చలేదు కాబోలండీ, మొహమాటానికి రాసింది" అంది మీ అమ్మ. ఈసారి ఇంకా బాగా చేద్దామని ముద్ద కలిపి బల్ల మీద వేశాను. అంతలో మీ అమ్మ కేక పెట్టింది: "చెయ్యెక్కడ పెట్టారు?"

చూసుకుంటే నా కుడిచెయ్యి గోధుమపిండి డబ్బాలో ఉంది. ముద్ద అంటుకోకుండా బల్ల మీద గుప్పెడు పిండి చల్లుతాం కదా. అది నేను చేసే పని కాదమ్మా, చెయ్యి తనంతట తను చేసుకుపోతుంది. నీకు పంపినదానికీ చల్లే ఉంటాను. గిన్నె కొత్తదే, అచ్చు కొత్తదే, చెయ్యి మాత్రం పాతది. నీకు జబ్బు చేసింది కదూ? అందుకే పంపొద్దన్నావు కదూ?

నా గోళ్లలో గోధుమ, చెవుల్లో గోధుమ. నీ దగ్గరికి రావాలంటేనే భయం వేస్తోంది. ఇక నీకేమీ చెయ్యను. చూడ్డానికీ రాను.

చేతకాని నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నిజమే, మంచం పట్టాను. లేచాను కూడా. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాను, అమ్మకి కూడా చెప్పు.

కానీ నీకు తెలియని సంగతి ఒకటుంది. పార్సిల్ తాడు విప్పకముందే నాకు తెలిసిపోయింది. అట్టపెట్టె లోంచే గోధుమ వాసన వచ్చింది, పచ్చిపిండి వేడికి మాడీ మాడనట్టుండే వాసన. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకది తెలియనే లేదు. గాలికి వాసనుంటుందని ఎవరనుకుంటారు? ఇన్ని నెలలు దూరంగా ఉన్నాక మొదటిసారి తెలిసింది, అది నీ వాసన. బడి నుంచి రాగానే ఎత్తుకునేవాడివే, అప్పటి నీ మెడ దగ్గర వాసన. పెట్టె ముందేసుకుని ఏడ్చాను. తర్వాత తెలిసి తెలిసీ తిన్నాను. నీ చేతిని తిట్టకు. అది పొరపాటు చేసింది, నేను పెంకితనం చేశాను. ఇంకెప్పుడూ అలా తినను.

ఇక నీకేమీ చెయ్యనంటే ఒప్పుకోను. నా గదిలో చిన్న ఓవెన్ కొనుక్కున్నాను. ఇక్కడ గోధుమ నలుసైనా లేదు. నువ్విక్కడికే వచ్చి చెయ్యి. నీ చెయ్యి తనంతట తను ఏ డబ్బాలోకి దూరినా దొరికేది బియ్యప్పిండే. ముందు చేతులు కడుక్కుందువుగాని, సబ్బులకి నా దగ్గర కొదవ లేదు. రానంటే మాత్రం, నా కోపం ముక్కు మీదే ఉంటుందని తెలుసుగా.

ఒక్కటే కోరిక. కొత్త బట్టలు వేసుకుని రాకు. కొట్లో వేసుకునే చొక్కా బాగా దులిపి, అదే వేసుకుని రా. కడుపులోకి పోతేనే నాకు ముప్పు. లోపలికొచ్చి పని మొదలుపెట్టేముందు మార్చుకుందువుగాని. అంతకంటే ముందు గుమ్మంలో కాసేపు ఊరికే నిలబడు నాన్నా.

నీ చిట్టిముక్కు