మెరుగు లేని కుండ

అమ్మా ఎల్విరా,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. ఇరవై ఏడేళ్ళకే నీకు నెలసరి ఆగిపోయిందని, మీ అత్త నిన్ను మోడు అంటోందని విని, లేచి వెళ్ళి మట్టి పిసుకుతూ కూర్చుంది. నాది రోజువారీ కుండల లెక్కలు రాసుకునే చేయి. ఇలాంటివి రాయడం రాదు.

డాక్టరమ్మ చెప్పింది నిజమే అయివుంటుంది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే దాని అండాలన్నీ తయారవుతాయట, తల్లి ఒంట్లో సీసం ఉంటే అవి అప్పుడే చెడిపోవచ్చట. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ సీసపు పొడి నీళ్ళలో కలిపి, ఉత్త చేతులతో కుండలకు మెరుగు పూసేది. వేవిళ్ళకు పూత ఆరని కుండ అంచు కొరికేది. ఆ పొడి అమ్మిన నీ జ్ఞానతండ్రి ఎవెరార్దో, "పిండిలాంటిదమ్మా, ఏం కాదు" అన్నాడు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో ఒక్క మట్టిపాత్ర లేదు, అంతా స్టీలు. తన కోడలు యురిత్సి నెల తప్పగానే పొడి గోదామును ఊరి బయటికి మార్చాడు. వాడికి తెలుసు. ఆ పిల్లకు మాత్రం చెప్పలేదు. అది నలుగురిలో నన్ను అడిగింది, "మామయ్యా, కడుపుతో ఉన్నవాళ్ళ విందుకు మోలె కూర నీ ఆవంలో కాల్చిన కుండలోనే వండాలి కదా, నాకొకటి చేసిపెట్టు" అని. ఎవెరార్దో వద్దంటే తన పొడి విషమని ఒప్పుకున్నట్టే. వాడు నోరు మెదపలేదు.

చేస్తాను. ఆ పొడే పూసి అద్దంలా మెరిసే కుండ చేస్తాను. వాడు నోరైనా విప్పాలి, వాడికి పుట్టబోయే మనవరాలు నీలాగైనా కావాలి.

మీ నాన్న,
సెరాఫిన్

* * *

ఎల్విరా తల్లీ,

నా ఉత్తరానికి నువ్వు జవాబివ్వలేదు. ఎందుకో అర్థమైంది, కడుపులో బిడ్డ మీద పగ తీర్చుకుంటానని రాశాను కదా.

ఆదివారం విందు జరిగింది. టమాటా, మిరప, చాక్లెట్ వేసి ఉడికించిన మోలె కూర నా కుండలో పొగలు కక్కుతోంది. పులుపు సీసాన్ని ఎలా లాగుతుందో ఎవెరార్దోకు నాకంటే బాగా తెలుసు. వాడివైపే చూస్తూ కూర్చున్నాను. "సిగ్గుపడకే, ఇద్దరికి సరిపడా తిను" అంది ఒక ముసలామె. వాడు బీరు సీసా మీది కాగితం గోకుతున్నాడు. యురిత్సి మొక్కజొన్న రొట్టె ముంచి నోటిదాకా తెచ్చింది. సొంత మనవల కోసమైనా వాడు నోరు విప్పలేదమ్మా.

నేనే లేచాను. ఆ పిల్ల చేతిలోని రొట్టెను కొట్టేసి, కుండను తన్నాను.

"ఏం బావా, పొద్దున్నే పట్టించావా?" అని నవ్వాడు వాడు.

"నేను తాగలేదు. నువ్వమ్మిన విషం నా కూతురు తాగింది, ఇంకా పుట్టకముందే."

అంతా చెప్పేశాను, నీ సంగతితో సహా. నిన్ను అడగకుండానే చెప్పాను, అందుకు నన్ను తిట్టు. యురిత్సి మామగారి మొహంలోకి చూసి, "మనింట్లో స్టీలు గిన్నెలు ఇందుకేనా?" అంది. వాడు టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

ఇప్పుడు మెరుగు లేకుండానే ఆవం పెడుతున్నాను. కొనేవాళ్ళు పెదవి విరుస్తున్నారు. విరవనీ.

విందు నుంచి వస్తూ మీ అమ్మ దారిలో ఆగి, "ఆనాడు నా చేతిలో కుండను తన్నే మనిషి ఒక్కడూ లేకపోయాడు" అంది.

నీ గది ఊడ్చి పెట్టింది. నిన్ను మోడన్న ఇంట్లో ఇంకొక్క పూట కూడా తినకు. వచ్చెయ్.

మీ నాన్న,
సెరాఫిన్