దాసు షెడ్డు తాళం గురించి

చోడవరం,
తేది 19-4-1958.

విశాఖపట్నం మోటారు బండ్ల ఆఫీసులో పెద్ద ఆఫీసరు గారి సముఖమునకు, చోడవరం కాపురస్తురాలు, కీర్తిశేషులు బండి అప్పన్న గారి భార్య దేముడమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గత మార్చి నెలలో వడ్డాది తోవలో బోల్తాపడిన టాక్సీ కారు బ్రేకులో ఆముదం పోసినది, సదరు కారు డ్రైవరు తల్లినగు నేనే అయినందున, మెకానిక్ దాసు షెడ్డుకు వేసిన తాళం తీయించి, అతని మీద కేసు మాన్పించుట గురించి.

తమకు తెలియజేసుకొనునది ఏమనగా, నేను మూడో తరగతి వరకు చదువుకున్నాను. ఈ అర్జీ రాసిపెట్టమని తాలూకా ఆఫీసు వరండాలో కూర్చునే గణపతిరావు గుమాస్తా గారి దగ్గరకు వెళ్లాను. విషయం దాకా రాసి, ఆయన కలం కింద పెట్టేశారు. "ఇదేటమ్మా. పక్కింటోడి మీద రాసేను, అన్నదమ్ముల మీద రాసేను, కరణం మీద రాసేను. తన మీద తానే అర్జీ ఎట్టుకున్న మనిసిని ఇంతవరకూ సూళ్లేదు. నాను రాయను, నువ్వూ రాయకు. ఇంటికెళ్లి పడుకో" అన్నారు. రాసిన కాగితం మాత్రం ఇచ్చేశారు, డబ్బులు పుచ్చుకోలేదు. పైన ఉన్న ముక్కలు ఆయనవి. ఇక్కడి నుంచి నావి. తప్పులుంటే మన్నించవలెను.

1. సదరు కారు గురించి. మా ఆయన రెండెడ్ల బండి మీద అనకాపల్లికి బెల్లం తోలేవాడు. ఆయన పోయిన తరవాత నా కొడుకు బంగార్రాజు ఎడ్ల వెనక తిరగనన్నాడు. డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. బండీ ఎడ్లూ అమ్మి ముందు కట్టవలసింది కట్టి, మిగతాది వాయిదాల మీద, విశాఖపట్నంలో ఒక ఫైనాన్సు కంపెనీ ద్వారా పాత కారు కొన్నాము. కంపెనీ ఏజెంటు సత్యారావు గారు మా అరుగు మీదే కూర్చుని కాగితాలు రాయించారు. "తోలేది నీ కొడుకు, బాడుగ తినేది నీ కొడుకు. కాని ఆఖరి వాయిదా కట్టినదాకా కారు మాది. వాయిదాలు తప్పితే కారు అట్టుకుపోతాం, అదీ చాలకపోతే ఈ ఇల్లూ మాదే" అని చెప్పి మరీ సంతకం పెట్టించారు. ఏదీ దాచలేదు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన వెళ్లాక నా కొడుకు, "సూసేవా అమ్మా, ఎద్దునయితే ఒక్కసారే కొంటాం. దీన్ని నెలనెలా కొనాలి" అని నవ్వాడు.

2. బ్రేకు ఇన్స్పెక్టరు గారి పరీక్ష గురించి. టాక్సీ ఏడాదికోసారి పరీక్ష నెగ్గితేనే రోడ్డెక్కనిస్తారు, ఆ సంగతి తమకు నేను చెప్పనక్కరలేదు. పరీక్షకు ముందు దాసు నాలుగు చక్రాలూ ఊడదీసి, అరిగిపోయిన బ్రేకు పట్టీలు తీసేసి కొత్తవి వేశాడు. బ్రేకు నూనె కారకుండా వేసే రబ్బరు వాచర్లు కూడా మార్చాడు. ఈ దాసు మా వీధి మలుపులో షెడ్డు పెట్టుకున్న క్రైస్తవుల కుర్రాడు, మణెమ్మ కొడుకు, నా కొడుకు కంటే రెండేళ్లు పెద్ద. అతను పని చేస్తుంటే నేను మజ్జిగ పట్టుకెళ్లాను. చక్రం రేకుకు వేలు పట్టేంత కన్నం ఉంది. అందులోంచి ఏదో పనిముట్టు దూర్చి తిప్పుతున్నాడు. నేను చూశాను. ఆ మజ్జిగ ఇంకెవరి చేతనయినా పంపి ఉండవలసింది.

పరీక్ష ముసాఫరు బంగళా మైదానంలో జరిగింది. ఇన్స్పెక్టరు గారు నేల మీద సున్నంతో గీత గీయించి, జోరుగా వచ్చి దాని దగ్గర ఆపమన్నారు. కారు గీత మీదే ఆగింది. "ఎవర్రా బ్రేకులు కట్టింది" అని అడిగి, దాసు వీపు తట్టి సర్టిఫికెట్టు ఇచ్చారు. అంటే దాసు పని మంచిదని తమ ఆఫీసు వారే ఒప్పుకున్నారు. ఈ ముక్క ఇప్పుడు ఎవరూ అనడం లేదు కనుక నేను మనవి చేసుకొనుచున్నాను.

3. కూత గురించి. పరీక్ష నెగ్గిన మర్నాటి నుంచి కారు ఆపినప్పుడల్లా కీచుమని అరిచేది. వీధంతా వినబడేది. టీ కొట్టు దగ్గర జనం, "బంగార్రాజూ, సక్రంలో పందిపిల్లని కట్టేవేట్రా" అనేవారు. వాడు ఊరుకునే రకం కాదు. "పందిపిల్ల కాదు మావా, నీకు తెచ్చిన పెల్లికూతురు. నీ మొకం సూసి ఏడుస్తంది" అనేవాడు.

ఆ లక్ష్మివారం పెళ్లివారెవరో కారు మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం అన్నం తింటూ, "ఈ కూతకి నిజం పెల్లికూతురు దడుసుకుని దిగిపోద్దేమోనే అమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనే మనసులో పెట్టుకున్నాను.

అయ్యా, మా ఇంట్లో మరమ్మతు అంటే నేనే. పెంకు జారితే నిచ్చెన వేసుకుని సర్దేది నేను. గోడ పగిలితే సున్నమూ ఇసకా కలిపి మెత్తేది నేను. తలుపు బందు కిర్రుమన్నా, నూతి గిలక మూలిగినా, ఉయ్యాల గొలుసు అరిచినా కాస్త ఆముదం వేస్తే నోరు మూస్తాయి. కాపరానికి వచ్చిన నాటి నుంచి బండి ఇరుసుకు కందెన పెట్టిన చెయ్యి నాది. కందెన లేని చక్రం ఏడుస్తుంది, పెడితే ఊరుకుంటుంది. చక్రాల గురించి నాకు తెలిసింది అంతే. అంతకు మించి ఉంటుందని తోచనైనా లేదు.

వాడు అన్నం తిని చాప మీద కునుకు తీశాడు. వాడి చిన్నప్పటి ఉగ్గుగిన్నె ఇంట్లో ఉంది. నెలల పిల్లడప్పుడు వాడికి ఆముదం పట్టిన గిన్నె అది. దానికి కొమ్ము ఉంటుంది కనుక ఒలకదని, అందులోనే ఆముదం పోసుకుని వెళ్లి, ముందు చక్రాలు రెండింటికీ ఆ కన్నంలోంచి పోశాను. చక్రం మీద చెయ్యి వేసి, ఇంక ఏడవకు అని కూడా అన్నాను.

4. నా కొడుకు లేచి ముఖం కడుక్కుని, పెళ్లికొడుకును తీసుకురావడానికి వడ్డాది బయలుదేరాడు. వీధి మలుపులో గేదె అడ్డం వస్తే ఆపాడు. కూత రాలేదు. నా వైపు తిరిగి, ఇదేటి చెప్మా అన్నట్టు కళ్లెగరేశాడు. నేను గుమ్మంలో నిలబడి నవ్వుకున్నాను. నేనే పోశానని చెప్పలేదు. సాయంత్రం వచ్చాక చెబుదామనుకున్నాను.

ఏటి దిగుడు దగ్గర ముందు బెల్లం బళ్లు వెళుతున్నాయి. కారు ఆగలేదు. బళ్లను తప్పించబోయి కల్వర్టుకు కొట్టి బోల్తాపడింది. బళ్లవాళ్లు బతికారు, ఎడ్లు బతికాయి. కారులో ఇంకెవరూ లేరు. "ఇంకెవులకీ ఏటీ అవనేదు, అమ్మోరి దయ" అని నా ముందే అనుకున్నారు కొందరు, పాపం నేను అక్కడ ఉన్నానని మరచిపోయి.

5. సదరు ప్రమాదం తరవాత ఇన్స్పెక్టరు గారు వచ్చి చక్రాలు ఊడదీయించారు. నన్ను పంపేయబోయారు కాని నేను వెళ్లలేదు. బ్రేకు పట్టీలు నూనెతో తడిసి ఉన్నాయి. ఆయన వేలితో రాసి వాసన చూసి, బ్రేకు గొట్టాల్లో పోసే నూనె అన్నారు. ఆ నూనె కూడా ఆముదంతోనే చేస్తారట, అదే వాసనట. దాసు వేసిన వాచరు దగ్గర కారిందని రాసుకున్నారు. పక్కనున్న హెడ్డు కానిస్టేబులు గారితో, "పట్టీకి నూనె తగిలితే ఇంక బ్రేకు పట్టదు, జారిపోద్ది. చెంచాడు చాలు" అన్నారు. నా కొడుకు ఎలా పోయాడో నాకు అప్పుడు తెలిసింది. ఇన్స్పెక్టరు గారిని తప్పుపట్టను. ఇంట్లో ఆడది వెళ్లి బ్రేకులో ఆముదం పోస్తుందని ఏ పుస్తకంలో రాసి ఉంటుంది.

దాసు మాత్రం, "కారనేదండీ, వాచర్లు కొత్తయి, నాను సూసి మరీ బిగించేను" అన్నాడు. మళ్లీ అన్నాడు. ఎవరూ వినకపోయేసరికి ఊరుకున్నాడు. షెడ్డుకు తాళం వేశారు, కేసు కట్టారు.

కర్మకాండ అయిన తరవాత అతను మా గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, బంగారిని నానే సంపేసేను. వాచరు సరిగ్గా కూకోనేదేమో. నా సెయ్యి మీద నాకే నమ్మకం పోనాది" అని నా కాళ్ల మీద పడ్డాడు.

అయ్యా, ఈ అర్జీ అంతా ఈ ఒక్క చోటు కోసమే. నీ తప్పు లేదురా అని నేను అతన్ని లేపవలసినది. "లే నాయనా, ఏటి సేస్తావు, నిన్ను సెమించేసేను" అన్నాను. సెమించేసేను అన్నాను. నా నోటితోనే అన్నాను. అతను కళ్లు తుడుచుకుని, నేనేదో వరం ఇచ్చినట్టు దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆ మర్నాటి నుంచి కావిడితో మా ఇంటికి నీళ్లు మోసి పోస్తున్నాడు. వద్దంటే, "బంగారి ఉంటే పోయడా" అంటాడు. షెడ్డు మూసి ఉంది కనుక అతనికి వేరే పని కూడా లేదు. ఆ నీళ్లతో వండుకుంటున్నాము, ఆ నీళ్లే తాగుతున్నాము.

6. ఎందుకు ఊరుకున్నావు అని తమరు అడగవచ్చు. సత్యారావు గారు పరామర్శకు వచ్చి, "మెకానిక్ తప్పని తేలితే ఇన్సూరెన్సు వోళ్లు ఇచ్చుకుంటారు, బాకీ తీరిపోద్ది, ఇంటికి డోకా నేదు. ఇంటోళ్లే ఏదో సేసేరని తేలితే మాత్రం చిల్లిగవ్వ రాదు. అలాంటిదేటీ నేదు కదా అమ్మా" అన్నారు. నేను లేదన్నాను. కోడలు చిన్నతల్లి చంటిగుంటని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇల్లు పోతే వీళ్లను ఎక్కడ పెట్టను అనుకున్నాను. అదొక్కటే కారణమని రాస్తే తమ దగ్గర కూడా అబద్ధమాడినట్టు. కోడలికి తెలిస్తే ఇంక నా ముఖం చూడదని కూడా భయపడ్డాను.

7. నిన్న కోడలికి చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టలేదు, నేను చెప్పినంతసేపూ ఏరుతూనే ఉంది. ఏరినవే మళ్లీ ఏరింది. సాయంత్రం దాసు నీళ్లు పోసి వెళ్లాక, "ఇల్లు పోతే పోనీ అత్తా. ఆ మనిసి మోసిన నీలు ఇంక నాను తాగలేను. రేపే రాసీ. నీతో మాటాడమని మాత్రం నన్ను అడక్కు" అంది.

అడగను.

కావున తమరు దయయుంచి దాసు షెడ్డు తాళం తీయించవలెను. వాచరు కారింది అని రాసిన చోట, తల్లి ఆముదం పోసింది అని దిద్దించవలెను. నా మీద ఏ కేసు కట్టినా సంతకం పెడతాను, పిలిచిన రోజున బస్సెక్కి వస్తాను. ఇల్లు కంపెనీవారికి అప్పగించడానికి నాకు అభ్యంతరం లేదు. వంటింటి మూల వానకు కారుతుంది, అప్పగించేలోగా పెంకులు సర్ది ఇస్తాను.

ఇంకొక కోరిక కలదు. పరీక్ష నెగ్గిన వారికి సర్టిఫికెట్టు చేతిలో పెట్టేటప్పుడు, ఇంటికెళ్లి మీ ఆడవాళ్లకు కూడా చెప్పండి అని ఒక మాట చెప్పించండి. బంగళా మైదానంలో ఒక బోర్డు మీద రాయించండి. బండి చక్రానికి కందెన పెట్టేది తిరగడానికి. కారు చక్రంలో ఆ కన్నం వెనక ఉన్నది ఆపడానికి. అక్కడ నూనె బొట్టు పడకూడదు. ఇది చదివి తమ ఆఫీసులో ఎవరయినా నవ్వవచ్చు. కాని ఇప్పుడు ఈ చుట్టుపక్కల వాయిదాల మీద కార్లు కొంటున్నవాళ్లంతా నిన్నటిదాకా బళ్లు తోలినవాళ్లే. ప్రతి ఇంట్లోనూ గూట్లో ఆముదం ఉంది, నాలాంటి ముసలిది ఉంది.

పైన రాసినదంతా నా చేతిరాత, నా చేతిపని అని తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దేముడమ్మ.

మరొక సంగతి. టపాలో వేయడానికి వెళుతూ, కాగితం కంటే ముందు నా నోటితో చెప్పడం ధర్మమని దాసు ఇంటికి వెళ్లాను. మణెమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది. నిలబడే చెప్పాను. "అయితే మా దాసు సేసింది కాదన్నమాట వొదినా" అంది. అని నవ్వేసింది. అంత నవ్వు నేను ఈ మధ్య ఎవరి ముఖంలోనూ చూడలేదు. తరవాత నేనెవరో గుర్తొచ్చి, చేపల తడి చేత్తోనే నోరు మూసుకుంది. "నవ్వు మణెమ్మా, కొడుకు మంచోడని తెలిసినప్పుడు నవ్వకపోతే ఇంకెప్పుడు నవ్వుతావు" అన్నాను.

దాసు లోపలి నుంచి అంతా విన్నాడు. వచ్చి గడప మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. "నన్నొక్క మాట అడగవలసింది కదమ్మా. కొత్త పట్టీలు అలగే అరుస్తాయి. నాలుగు రోజులు తిరిగితే అదే తగ్గిపోద్ది. బంగారికి సెప్పేను" అన్నాడు.

వాడికి తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం నవ్వాడు. వాడు నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

కాబట్టి బోర్డు మీద నూనె పోయకూడదు అన్న మాట కింద, తమరు ఇది కూడా రాయించండి. కొత్త బ్రేకు నాలుగు రోజులు అరుస్తుంది. అరవనివ్వండి.